రాజ్మా వండిన చేత్తోనే మైకు

న్యూ ఆర్లియన్స్ వాళ్లు గాయని ఇర్మా థామస్‌ని తమ సోల్ సంగీత రాణి అంటారు. 1941లో లూసియానాలో పుట్టిన ఆవిడ ఇరవై ఏళ్లకే నలుగురు పిల్లల తల్లి. వడ్డన పని చేస్తూ మధ్యలో బ్యాండుతో గొంతు కలిపినందుకు ఉద్యోగం ఊడింది. ఆ బ్యాండు నాయకుడు టామీ రిడ్గ్‌లీయే తొలి రికార్డుకు దారి చూపాడు.

అలెన్ టూసాంట్ రాయగా ఆవిడ పాడిన ‘ఇట్స్ రైనింగ్’ ఒక్కసారి వినండి. అరుపుల్లేవు, సాము గరిడీలు లేవు. పక్కన కూర్చుని మనసులో మాట చెప్పుకున్నట్టే ఉంటుంది. ఆ నిదానం ఎంత సాధనతో వస్తుందో పాడేవాళ్లకు తెలుసు.

1969లో వచ్చిన తుఫాను తర్వాత కచేరీలు లేక కాలిఫోర్నియా వెళ్లి దుకాణంలో ఉద్యోగం చేశారు. సొంతూరికి తిరిగొచ్చి, భర్తతో కలిసి లయన్స్ డెన్ అనే చిన్న క్లబ్బు నడిపారు. అక్కడికి వచ్చినవాళ్లకు రాజ్మా, అన్నం స్వయంగా వండిపెట్టి, ఆ తర్వాత పాడేవారు. అభిమానులను చుట్టాల్లా చూసుకున్న ఇలాంటి గాయని నాకు ఇంకొకరు కనిపించలేదు.

2005లో కత్రీనా తుఫాను వరద ఇంటినీ, క్లబ్బునీ ముంచేసింది. ఆ మరుసటి ఏడాదే ‘ఆఫ్టర్ ద రెయిన్’ ఆల్బమ్ తెచ్చారు. 2007లో దానికే గ్రామీ వచ్చింది. ఆవిడకదే మొదటిది.