దరియాలతిప్ప పాఠము

యానాం పట్టణమునకు దిగువన, గౌతమి సముద్రమునకు చేరువగు ప్రాంతమున దరియాలతిప్ప గలదు. తిప్ప యనగా నీటి నడుమ నిలిచిన మెరకనేల యని గోదావరి వారికి వేరుగ చెప్పనక్కరలేదు. చేరువనే కోరంగి, దాని మడ అడవులు. ఈ తీరమును గూర్చి మన సంచికలలో వ్యాసములు వచ్చుచునే యున్నవి. 1839 నాటి ఉప్పెన, 1954 జూన్ 13న యానాం విమోచనము, దడాల రఫేల్ రమణయ్యగారి సాహసము, 1962 ఆగస్టు 16 నాటి విలీనము, ఇవన్నియు వానిలో నుండును. ఉండదగినవే. కాని 18వ శతాబ్దమున ఇదే తీరమునుండి మనుషులను ఓడలకెక్కించి ఫ్రెంచి దీవులకు బానిసలుగా పంపిరను సంగతికి మాత్రము, మేము చదివినంతలో, ఒక్క వాక్యమైనను దొరకదు.

పిల్లలకు ఇట్టి చరిత్ర చెప్పవచ్చునా యని అమెరికాలో ఇప్పుడు పెద్ద వివాదము నడచుచున్నది. క్రిటికల్ రేస్ థియరీ యనునది డెరిక్ బెల్, కింబర్లీ క్రెన్‌షా మొదలగు న్యాయశాస్త్ర పండితులు ఏర్పరచిన సిద్ధాంతము. వర్ణవివక్ష కొందరి మనస్సులోని ద్వేషమే కాదు, చట్టములలోను సంస్థలలోను పాతుకొనియున్నదని దాని సారము. 2021 నుండి పెక్కు రాష్ట్రములు పాఠశాలలలో ఇట్టి బోధనకు హద్దులు విధించినవి. తాతలు చేసిన తప్పునకు మనుమలు తలవంచుకొనవలెనా యని తల్లిదండ్రుల ప్రశ్న. ఆ ప్రశ్నను మేము తేలికగా త్రోసిపుచ్చము. దేహచ్ఛాయనుబట్టి పసివారిని దోషులుగను నిర్దోషులుగను విడదీయు పాఠము ఎవరు చెప్పినను తప్పే. కాని ఆ భయముతో చరిత్రనే మూసిపెట్టుట, జ్వరము వచ్చునని బిడ్డకు స్నానము మాన్పించుట వంటిది.

ఒకప్పుడు యానాము నేలిన ఫ్రాన్సు సంగతి చూడుడు. 2001 మే 21 నాటి చట్టముతో ఆ దేశము బానిసల వ్యాపారమును మానవజాతిపై జరిగిన నేరముగా ఒప్పుకొన్నది. అట్లాంటిక్ సముద్రముతో పాటు హిందూ మహాసముద్రమును, ఆఫ్రికావారితో పాటు భారతీయులను కూడ ఆ చట్టము పేర్కొన్నది. పాఠ్యప్రణాళికలలో దీనికి తగిన చోటీయవలెనన్నది. నాలుగేండ్లు తిరుగకమునుపే, 2005లో, విదేశములలో ఫ్రెంచి పాలన చేసిన మేలును పాఠశాలలు గుర్తింపవలెనని మరియొక చట్టము వచ్చినది! పెద్ద అలజడి రేగగా 2006లో ఆ నిబంధనను తొలగించిరి. చరిత్ర చెప్పుటకు ఇంత తడబాటు పరులకే కలదని మనము నవ్వుకొనవలదు.

ఏలయనగా కాలిఫోర్నియాలో 2005-06లోను, మరల 2016లోను, పాఠ్యపుస్తకములలో కులమును గూర్చిన మాటలు తగ్గింపవలెనని కొన్ని హిందూ సంఘములు వాదించినవి. తరగతిలో మన పిల్లలను తోటివారు ఎగతాళి చేయుదురని వారి బాధ. అది ఉత్తుత్తి బాధ కాదు. పరభాషల నడుమ ఇల్లు కట్టుకొన్న మనకు అది తెలియును. అయినను తెల్లవారి తల్లిదండ్రులు చెప్పునదియు సరిగా ఆ మాటయే గదా! మనకు జరిగిన అన్యాయము పుస్తకములో నుండవలెను, మనము చేసినది మాత్రము ఉండరాదు అను కోరిక ఏ రంగువాని నోట వచ్చినను ఒక్కటే.

కోరంగి కథను చెప్పబూనిన ఈ చిక్కు తప్పదు. ఓడ పరదేశిది. కాని ఆ పరదేశికి కరవున మాడిన గుడిసె యేదో, దిక్కులేని బిడ్డ యెవరో తెలియునా? త్రోవ చూపినవాడు, బేరము కుదిర్చినవాడు మన మాట మాటాడువాడే యని తలంపక తప్పదు. అమ్ముడైనవాడును తెలుగువాడే. వీరిరువురిలో మన పూర్వుడెవడో నేడు తేల్చగలవారు లేరు. అందుచేత ఈ పాఠమున పిల్లవాడు గర్వపడుటకును చోటు తక్కువ, సిగ్గుపడుటకును చోటు తక్కువ. తెలిసికొనుటకు మాత్రము చాల గలదు.

రాబోవు సంచికలో పిల్లల పుటలకు కోరంగి ఓడలను గూర్చి వ్రాసెదమని సంపాదకులకు మాట యిచ్చితిమి. ఓడకు మనుషులను చేర్చినవారిని గూర్చి కూడ అందొక పేరా యుండును. చోటు చాలదని దానిని తీసివేయవలదని ఇప్పుడే కోరుచున్నాము.