చిన్న చేతికి చిన్న తుపాకియా?

డాలస్ నగర పరిసరములలో స్థిరపడి, వారమంతయు కంప్యూటరు ముందునో, దుకాణపు గల్లా వెనుకనో గడిపి, ఆదివారము తీరిక చిక్కగానే నాకు ఫోను చేసి "ఏ తుపాకి కొనమంటారండీ?" అని అడుగు మనవారి సంఖ్య ఏటేట పెరుగుచున్నది. ఒక పేరు చెప్పి ఊరకుండుట నాకు కష్టము గాదు; కాని అది కంటివైద్యుడు మనిషిని చూడకయే కళ్లద్దాల నంబరు వ్రాసి పంపుటవంటి పని. కావున ముందుగా నేనే ప్రశ్నలు వేయుదును. వానిలో మొదటిది తుపాకిని గూర్చినది కాదు, వీసాను గూర్చినది.

ఈ దేశపు రాజ్యాంగమునకు 1791లో చేరిన రెండవ సవరణను గూర్చియు, ఇంటి రక్షణకై పిస్తోలు కలిగియుండుట వ్యక్తికి గల హక్కని 2008లో హెల్లర్ కేసున సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును గూర్చియు విని, ఇచ్చట కాలుమోపిన ప్రతివారికి ఆ హక్కు దానంతట అదే సంక్రమించునని భ్రమపడువారు మనలో తక్కువమంది లేరు. హెచ్-1బి వంటి తాత్కాలిక వీసాపై నున్నవారు, వేట లైసెన్సు మొదలగు కొలది మినహాయింపులకు లోబడినప్పుడు తప్ప, తుపాకి గాని తూటా గాని దగ్గర నుంచుకొనుటయే నేరమని ఫెడరల్ చట్టము చెప్పుచున్నది. గ్రీన్‌కార్డు వచ్చినవారికి ఈ నిషేధము లేదు. దుకాణమున పిస్తోలు కొనువారికి 21 ఏండ్లు నిండియుండవలెను, 4473 అను ఫారము నింపవలెను, నేరచరిత్ర పరిశీలనకు నిలువవలెను. టెక్సస్‌లో 2021 సెప్టెంబరు నుండి అర్హులైన పెద్దలు లైసెన్సు లేకయే పిస్తోలు ధరించి తిరుగవచ్చునన్న మాట నిజమే గాని, ఆ సడలింపు ఫెడరల్ నిషేధమును తొలగింపలేదు. స్వదేశమున ఎన్నికలు వచ్చినప్పుడెల్ల లైసెన్సు తుపాకిని పోలీసు స్టేషనులో అప్పగించి రసీదు తెచ్చుకొను పెద్దలను చూచి పెరిగిన మనవారికి, ఇచ్చటి దుకాణములలోని అద్దాల బీరువాలు ఒకవిధమైన మైకము కలిగించుటలో వింత లేదు.

ఇక ఆయుధము మాట. తొలి పిస్తోలును గూర్చి ప్రబలియున్న అపోహలలో నాకు మిక్కిలి వెగటైనది, చేయి చిన్నదైనచో తుపాకియు చిన్నది కావలెననునది. స్త్రీ యెవరైన దుకాణమునకు పోయినచో, గల్లా వెనుకనున్న పెద్దమనిషి ఒక్క ప్రశ్నయైన అడుగక, అల్యూమినియం చట్రముతో చేసిన ఐదు తూటాల చిన్న రివాల్వరును బల్లమీద పెట్టి, ఇది మీకు సరిగ్గా సరిపోవునని చెప్పుట పరిపాటి. అది చూపునకు ముద్దుగా నుండును, చేతిసంచిలో ఇముడును. స్లైడు లేదు, మ్యాగజైను లేదు, చిక్కుపడుటకు బయటికి కానవచ్చున దేదియు లేదు. కాని తూటాను ముందునకు నెట్టు శక్తియే తుపాకిని వెనుకకు తన్నుననియు, తుపాకి ఎంత తేలికయైన ఆ తన్ను అంత తీవ్రముగా చేతికి తెలియుననియు న్యూటను నాటినుండి లోకమునకు తెలిసినదే గదా! బరువైన ఉక్కు రివాల్వరునుండి కాల్చినప్పుడు అరచేతికి ఒక తోపుగా మాత్రమే తోచు .38 స్పెషల్ తూటా, సుమారు 425 గ్రాములు తూగు ఈ ముద్దుబొమ్మనుండి కాల్చినప్పుడు బొటనవ్రేలి మొదలు అదరునట్లు తాకును. అంతకుమించిన చిక్కు ట్రిగ్గరుది. సుత్తిని వెనుకకు లాగుటయు, విడిచిపెట్టుటయు ఒక్క లాగుడుతోనే జరుగవలసియుండుటచే, దానికి పది పన్నెండు పౌన్ల బలము కావలసివచ్చును. పౌను కూడ నిండుగా తూగని ఆయుధమును అంత బలముతో లాగుచు, దాని మూతిని కదలకుండ నిలుపుట చేయితిరిగినవారికే పరీక్ష.

నాయొద్దకు వచ్చిన ఒక దుకాణదారుని భార్య, అట్టి రివాల్వరునే కొని తెచ్చుకొని, ఒక్కమారు పేల్చి బల్లమీద పెట్టి, "అన్నయ్యగారూ, చేతికి బాగానే అమరిందండీ, కానీ మళ్లీ ముట్టుకోబుద్ధి కావట్లేదు" అన్నది. ఆమెకు గ్లాక్ 19 అందించితిని. 1988లో వచ్చిన ఆ పిస్తోలు ఖాళీగా సుమారు 600 గ్రాములు తూగును, మ్యాగజైనులో 15 తూటాలు పట్టును, ట్రిగ్గరు రివాల్వరుదానిలో సగము బలమునకే లొంగును. "ఇంత పెద్దదా!" అని ఆమె జంకినది, స్లైడును వెనుకకు లాగలేక చేతులెత్తినది కూడ. స్లైడును లాగుట మణికట్టు పని కాదు: ఎడమచేత దానిని గట్టిగా పట్టి నిలిపి, పిస్తోలును రొమ్మునకు చేరువగా తెచ్చి, మూతిని కాగితపు గురివైపే ఉంచి, కుడిచేత పిడిని ముందునకు నెట్టవలెను. అది తెలిసినపిమ్మట ఆమె తొందరపాటు లేక కాల్చిన తూటాలు కాగితముపై దాదాపు అరచేతి వెడల్పులో పడినవి. (ఆ సమయమున ఆమె భర్త వెనుక నిలిచి సలహాలు గొణుగుచుండగా, కాఫీ తెమ్మని బయటికి పంపితిని. భర్తలను కాఫీకి పంపుట శిక్షణలో ఒక ముఖ్యభాగమని నా నమ్మకము.) ఆమెకు తగినది అందరికి తగునని నే ననను. కీళ్లనొప్పులతో వ్రేళ్లు వంగని వృద్ధులకు, స్లైడు సులభముగా కదలునట్లు స్మిత్ అండ్ వెస్సన్ వారు 2018లో తెచ్చిన .380 షీల్డ్ ఈజీ వంటిది మేలు కావచ్చును; అదియు అరచేతిలో దాగునంత చిన్నది కాదు.

తూటా పరిమాణమును గూర్చిన వాదములకు అంతము లేదు, నాకు ఓపికయు లేదు. 1986లో మయామీ నగరమున జరిగిన కాల్పులలో తమవారిని పోగొట్టుకొన్న ఎఫ్‌బీఐవారు 9 ఎమ్.ఎమ్. చాలదని తలచి, 10 ఎమ్.ఎమ్.కును, పిమ్మట .40కిని పోయి, ఆధునికమైన హాలో పాయింట్ తూటాలు వచ్చినపిమ్మట, తమవారు 9 ఎమ్.ఎమ్.తోనే వేగముగను గురితప్పకను కాల్చుచున్నారని గ్రహించి, 2010 తరువాతి దశాబ్దమున మరల 9 ఎమ్.ఎమ్.కే చేరిరి. క్రొత్తవానికి ఈ కథ చాలును. అభ్యాసమునకు చవుకయైన తూటా దొరకుట కూడ చిన్న లాభము గాదు.

కొనుటకు ముందు రేంజిలో అద్దెకు తీసికొని కాల్చి చూడుడని అందరకు చెప్పుదును. చెవులకు కళ్లకు రక్షణ పెట్టుకొని, రెండు మూడు రకములు మార్చి చూచినచో, నా ఉపన్యాసము కంటె ఆ గంట ఎక్కువ నేర్పును. కాని పిస్తోలు శిక్షణకు పేరొందిన జెఫ్ కూపర్ కూర్చిన నాలుగు నియమములు నోట పలుకనిదే ఎవరిచేతను ఆయుధము పెట్టను: ప్రతి తుపాకియు నిండియున్నదనియే ఎంచవలెను, నాశనము చేయ నిచ్చగింపని దేనివైపునకును మూతిని త్రిప్పరాదు, సైట్లు గురిపై నిలుచువరకు వ్రేలు ట్రిగ్గరుమీదికి పోరాదు, గురి ఏదో, దాని వెనుక ఏమున్నదో ఎరిగియుండవలెను. పలుచని చెక్క, జిప్సం పలకలతో కట్టిన ఇచ్చటి ఇండ్లలో ఈ నాలుగవదాని బరువు ఎక్కువ. గోడ కావల పిల్లల పడకగది యుండును.

పిల్లల మాట వచ్చినది గనుక నా చివరి ప్రశ్న: ఇంట ఎవరెవరున్నారు? పదునేడేండ్లు నిండని పిల్లల చేతికి నిండు తుపాకి అందునట్లు అజాగ్రత్తగా ఉంచినచో టెక్సస్‌లో అది నేరము. కావున త్వరగా తెరచుకొను ఉక్కు పెట్టెకు డబ్బు ప్రక్కన పెట్టనివారితో నేను పిస్తోళ్ల పేర్లు ముచ్చటింపను. ఈ దేశమున తుపాకి మరణములలో సగమునకు పైగా ఆత్మహత్యలే యన్న సంగతిని దుకాణమున ఎవరును చెప్పరు. అందుచే, ఉద్యోగము పోయి నిద్రపట్టక కుములుచున్న కొడుకు ఇంటనున్నాడని మాటలమధ్య బయటపెట్టిన ఒక తండ్రికి నేను ఏ తుపాకి పేరును చెప్పలేదు. దొంగల భయమే యైనచో తలుపు చట్రమునకు పొడవైన మరలు బిగింపించుకొనుడని, పెరటిలో దీపము పెట్టించుకొనుడని, కొడుకును వైద్యునియొద్దకు తీసికొనిపొండని చెప్పితిని. "తుపాకి గురించి అడిగితే తలుపుల గురించి చెప్తారేమిటండీ" అని ఆయన నొచ్చుకొనిరి. నొచ్చుకొననిండని ఊరకుంటిని.