తండ్రి పేరు రాసే చోట

వరంగల్ నుంచి మహబూబాబాద్ పోయే రైలు మార్గం మీద ఉంటుంది నెక్కొండ. చుట్టూ పత్తి, మిర్చి, వరి పండించే ఊళ్లు. జూన్ వచ్చిందంటే ఆ ఊళ్లలో పత్తి గింజలు పెట్టడమూ పిల్లల్ని బడిలో వేయడమూ ఒక్కసారే మీద పడతాయి. బడి అర్జీలో పిల్ల పేరు కింద తండ్రి పేరు రాయాలి. ఎక్కువమందికి అది క్షణం పని. మారు మనువు చేసుకొని, భార్య వెంట వచ్చిన పిల్లను సాదుతున్న మనిషికి మాత్రం అక్కడ చేయి ఆగుతుంది. పిల్లను బండి మీద తీసుకొచ్చింది ఆయన. బ్యాగు, బూట్లు కొన్నది ఆయన. రాత్రి జ్వరం వస్తే నుదుటి మీద తడిగుడ్డ వేసుకుంటూ కూర్చున్నదీ ఆయనే. రాయవలసిన పేరు మాత్రం ఇంకొకరిది.

ఈ వారం కాలమ్ ఆ మనిషి గురించి. పిల్లను సాదడం కూడా మగ్గం నేయడం లాంటి చేతిపనే, చేయగా చేయగా పట్టుబడేదే అని ఈ కాలమ్ రాసే మనిషి నమ్మకం. ఆ పని చేసినవాడికి ఊరి ముందూ చట్టం ముందూ తండ్రి అనే పేరు దక్కాలి.

పిల్లల కోసం మగవాళ్లు పడే ఆరాటం మన వైపు ఎవరికీ తెలియనిది కాదు. సంతానం కోసం వేములవాడ రాజన్నకు కోడె మొక్కు చెల్లించే వరుసలో భార్య పక్కన భర్త నడుస్తాడు. మేడారం జాతరలో కన్నెపల్లి నుంచి సారలమ్మను తెచ్చేటప్పుడు సంతానం లేనివాళ్లు తడిబట్టలతో దారిలో సాష్టాంగపడి వరం పడతారు, పూజారులు వాళ్ల మీదుగా దాటిపోతారు. దేవుడి ముందు ఇంతగా బయటపడే కోరిక ఇంట్లో మాత్రం నోరు విప్పదు. ప్రపంచంలో ప్రతి 6 మంది పెద్దవాళ్లలో దాదాపు ఒకరికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు సంతానలేమి ఎదురవుతుందని 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. అలాంటి జంటల్లో దాదాపు సగం మందిలో మగవాడి వైపు కారణం పూర్తిగానో కొంతగానో ఉంటుంది. అయినా ముందుగా పరీక్షలకు నడిచేది ఆడమనిషే. మగవాడికి చేయవలసిన వీర్య పరీక్ష చవక, తేలిక. దాన్ని ఏళ్ల తరబడి వాయిదా వేయించేది సిగ్గు ఒక్కటే.

ఇలా ఎదురుచూసిన మగవాళ్లలో కొందరి ఇంటికి పిల్ల తల్లి చెయ్యి పట్టుకొని నడిచి వస్తుంది. రైతు, కూలి కులాల్లో మారు మనువు ఎప్పటి నుంచో ఉన్న ఆచారం. కొన్నిచోట్ల చనిపోయినవాడి తమ్ముడే వదినను చేసుకుంటాడు. అప్పటిదాకా చిన్నాయన అని పిలిచిన పిల్లకు ఆయనను ఏమని పిలవాలో కొంతకాలం అంతుపట్టదు. 1997-98లో పంట దెబ్బతిని, అప్పులు తీర్చలేక ఈ జిల్లా పత్తి రైతులు ప్రాణాలు తీసుకున్నప్పుడు దేశమంతా వరంగల్ వైపు చూసింది. చనిపోయినవాళ్ల లెక్క పత్రికల్లో వచ్చింది. వాళ్ల పిల్లలను తర్వాత ఎవరు సాదారన్నది ఏ లెక్కలోకీ ఎక్కలేదు. తాతలు సాదారు, మేనమామలు సాదారు, కొన్ని ఇళ్లలో మారు తండ్రులు సాదారు.

అలా సాదడం మగవాడిని లోపలి నుంచే మారుస్తుంది. ఫిలిప్పీన్స్‌లోని సెబూలో 600 మందికి పైగా యువకులను కొన్నేళ్లపాటు గమనించి, 2011లో ఒక అధ్యయనం వెలువరించారు. తండ్రులైనవాళ్లలో టెస్టోస్టెరాన్ అనే మగ హార్మోన్ బాగా తగ్గింది. రోజుకు 3 గంటలు, అంతకు మించి పిల్లల పనులు చూసుకునేవాళ్లలో అది, ఆ పనులు ముట్టుకోని తండ్రుల కంటే తక్కువగా ఉంది. మధ్య ఆఫ్రికా అడవుల్లోని అకా జనంతో కలిసి తిరిగిన మానవశాస్త్రవేత్త బారీ హ్యూలెట్ ఇంకో సంగతి చూశారు. అక్కడ తండ్రులు రోజులో దాదాపు సగం సేపు పసిపిల్లలకు చేతికందే దూరంలోనే ఉంటారు. భార్యాభర్తలు కలిసి వలలతో వేటాడే జీవనం కాబట్టి పిల్లలూ వాళ్ల వెంటే ఉంటారు. ఇవి సవతి తండ్రుల మీద చేసిన పరిశోధనలు కావు. కానీ తండ్రి కావడంలో కన్న క్షణంతో పాటు, పిల్లతో గడిపిన గంటలకూ లెక్క ఉందని ఇవి చెబుతున్నాయి. ఆ గంటలు సవతి తండ్రి దగ్గర కావలసినన్ని ఉన్నాయి.

చట్టం దగ్గరికి వస్తే కథ మారుతుంది. 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం పిల్లల సహజ సంరక్షకులు ఎవరో చెబుతూ, తండ్రి అంటే సవతి తండ్రి కాదు, తల్లి అంటే సవతి తల్లి కాదు అని విడిగా వివరణ ఇచ్చింది. ఆస్తి విషయంలోనూ అంతే. ఇరవై ఏళ్లు సాదిన మనిషి వీలునామా రాయకుండా కన్నుమూస్తే, భార్య వెంట వచ్చిన పిల్లకు ఆయన భూమిలో వారసురాలిగా వాటా రాదు.

ఈ చూపుకు లోతైన వేళ్లున్నాయి. బ్రిటిష్ పాలనలో 1856లో వచ్చిన వితంతు పునర్వివాహ చట్టాన్ని మనం సంస్కరణగానే గుర్తుపెట్టుకున్నాం, న్యాయమే. కానీ అందులోనే ఇంకో సెక్షన్ ఉంది. వితంతువు మళ్లీ పెళ్లి చేసుకుంటే, చనిపోయిన భర్త తల్లిదండ్రులు గానీ అతని మగ బంధువులు గానీ పిల్లలకు వేరే సంరక్షకుడిని నియమించమని కోర్టుకెక్కవచ్చు. తల్లి కొత్త జీవితం మొదలుపెట్టిందంటే పిల్లలు ఆమె చేయి దాటే దారి తెరుచుకున్నట్టే.

ఆ చట్టం 1983లో రద్దయింది. ఆ ఆలోచన పోలేదు. ఒక తెలుగు కుటుంబం కేసే చూడండి. 2006లో బిడ్డ పుట్టాడు, అదే ఏడాది తండ్రి చనిపోయాడు. 2007లో తల్లి మళ్లీ పెళ్లి చేసుకుంది. 2008లో నాయనమ్మ, తాతయ్య సంరక్షకత్వం కోరుతూ కోర్టుకు వెళ్లారు. కొడుకును పోగొట్టుకున్నవాళ్లు మనవడి పేరులోనైనా అతని ఇంటిపేరు మిగలాలనుకున్నారు, ఆ దుఃఖాన్ని తప్పుపట్టలేం. 2014లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు పిల్లాడికి పాత ఇంటిపేరే పెట్టాలని, రికార్డుల్లో వీలున్నచోట కన్నతండ్రి పేరు చూపాలని, వీలులేని చోట రెండో భర్త పేరును సవతి తండ్రిగా రాయాలని చెప్పింది. తల్లి సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2022 జులై 28న జస్టిస్ దినేశ్ మహేశ్వరి, జస్టిస్ కృష్ణ మురారి ధర్మాసనం ఆ ఆదేశాన్ని కొట్టేసింది. కాగితాల మీద సవతి తండ్రి అని రాయించడం దాదాపు క్రూరమేనని, పిల్లాడి మనసు మీద అది ఎలా పనిచేస్తుందో ఆలోచించలేదని చెప్పింది. తండ్రి పోయాక తల్లే సహజ సంరక్షకురాలు కనుక ఇంటిపేరు నిర్ణయించే హక్కూ, పిల్లాడిని దత్తత ఇచ్చే హక్కూ ఆమెవేనని తేల్చింది.

నెక్కొండలోనైనా, ఇంకెక్కడైనా ఇలాంటి ఇంటివాళ్లు ఈ తీర్పును గుర్తుపెట్టుకోవాలి. బడిలో ఆ ఇంటి పిల్లలు సవతి తండ్రి అన్న మాటను ప్రతి సర్టిఫికెట్ మీదా మోయనక్కర్లేదు. పెళ్లి కార్డుల మీదా అంతే. సాదిన మనిషి పేరు వదిలేసి, పోయినవాడి పేరు ముందు కీర్తిశేషులు అని మాత్రమే అచ్చువేయించి, ఆయనను పందిట్లో ఒక పక్కన కూర్చోబెట్టడం అన్యాయం. ఇద్దరి పేర్లూ వేయవచ్చు. అల్లుడి కాళ్లు ఆయనే కడగవచ్చు.

అన్నిటికంటే గట్టి కాగితం దత్తత. 1956 హిందూ దత్తత చట్టం కింద రాసిన పత్రం సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ అయితే, దత్తత చట్టప్రకారమే జరిగిందని కోర్టు మొదటే నమ్ముతుంది. నాయనమ్మ, తాతయ్యల భయానికీ అందులో జవాబుంది. దత్తతకు ముందే పిల్లకు సంక్రమించిన ఆస్తి, అంటే చనిపోయిన తండ్రి భూమిలో అప్పటికే వచ్చిన వాటా, దత్తతతో పోదు. షరతులూ ఉన్నాయి. ఆడపిల్లను దత్తత తీసుకునే మగవాడు ఆమె కంటే కనీసం 21 ఏళ్లు పెద్దవాడై ఉండాలి. కొడుకు ఉన్నవాడు ఈ చట్టం కింద ఇంకో కొడుకును దత్తత తీసుకోలేడు. తనకంటూ బిడ్డ పుట్టాక చూద్దాంలే అని ఆగిన చాలామందికి ఈ తలుపు మూసుకుపోయేది ఇక్కడే. అప్పుడు మిగిలేది బాలల న్యాయ చట్టం దారి. అందులో దత్తత ఆదేశం ఇచ్చేది జిల్లా కలెక్టర్. హిందూ దత్తత చట్టంలోనైతే, వేరే ఆచారం ఉంటే తప్ప, పిల్లకు 15 ఏళ్లు నిండేలోపే పని పూర్తికావాలి. సుప్రీంకోర్టు దాకా వెళ్లిన ఆ కుటుంబంలో పత్రం రిజిస్టర్ అయింది 2019 జులైలో. అప్పటికి పిల్లాడికి 13 ఏళ్లు. అతన్ని దాదాపు పన్నెండేళ్లుగా సాదిన మనిషి ఆ రోజు కాగితం మీద కూడా తండ్రి అయ్యాడు.