గోల్ఫ్ కర్రకు కొత్త కామ

గూడూరు చుట్టుపక్కల నిమ్మతోటల్లో పార కామ విరిగితే ఎవరూ కొత్త పార కొనరు. కొత్త కామ చెక్కి, గొట్టంలో దిగ్గొట్టి, ఊగకుండా చీలిక బిగించి మళ్ళీ పనిలోకి దిగుతారు. గోల్ఫ్ కర్ర తయారీ కూడా అలాంటిదే. బంతిని కొట్టే తల, ఆ తల గొట్టంలో దూరే కామ, చేతికి పట్టు: ఆటగాళ్ళ మాటల్లో హెడ్, షాఫ్ట్, గ్రిప్. మూడూ విడివిడిగా దొరుకుతాయి, విడివిడిగా మార్చుకోవచ్చు. ఎంత ఖరీదైన కర్రలోనైనా ఇంతకు మించిన రహస్యం లేదు.

గూడూరులో గోల్ఫ్ మైదానం లేదు. ఆడాలంటే రైలెక్కి చెన్నై వెళ్ళాలి. అక్కడ నందనంలో కాస్మోపాలిటన్ క్లబ్ మైదానం ఉంది. అయినా ఈ ఆట తెలుగిళ్ళకు మునుపటంత దూరం కాదు. తెలుగు కుటుంబంలో పుట్టి కాలిఫోర్నియాలో పెరిగిన సాహిత్ తీగల 2023 సెప్టెంబరులో నాపాలో జరిగిన ఫోర్టినెట్ ఛాంపియన్‌షిప్ గెలిచి, పీజీఏ టూర్‌లో తొలి విజయం అందుకున్నాడు. అమెరికాలో ఉన్న పిల్లలు తమ పాత గోల్ఫ్ సెట్టు ఇచ్చినా, సెకండ్ హ్యాండ్‌లో కొన్నా, ముందు చూడాల్సింది గ్రిప్పుని. మన ఎండలకి, చేతి చెమటకి రబ్బరు గట్టిపడి నున్నగా తయారవుతుంది. చెయ్యి జారుతుందేమోనని ఆటగాడు కర్రని మరీ బిగించి పట్టుకుంటాడు, భుజాలు బిగుసుకుంటాయి, దెబ్బ చెడుతుంది.

గ్రిప్పు మార్చడం అన్నిటికన్నా సులువైన పని. కొక్కెం ఆకారపు బ్లేడుతో, ఒంటికి అవతలి వైపుగా, పాత రబ్బరు కోసి లాగేయాలి. కింద మిగిలిన టేపు జిగురంతా గీకి షాఫ్టుని శుభ్రంగా తుడవాలి. రెండు వైపులా అంటుకునే టేపు నిలువుగా చుట్టాలి. కొత్త గ్రిప్పు చివరి చిల్లు వేలితో మూసి, లోపల కాస్త టర్పెంటైన్ పోసి, కుదిపి, అదే ద్రవాన్ని టేపు మీద ఒంపాలి. ఇక ఆగకూడదు. ఒకే ఊపులో చివరిదాకా తోసేయాలి. సగంలో తటపటాయిస్తే అక్కడే అతుక్కుపోతుంది. తడి ఉండగానే గ్రిప్పు మీది గీతని తల ముఖానికి సరిచూసి, రాత్రంతా ఆరనివ్వాలి. మంటకి దూరంగా, కిటికీలు తెరిచి చేయాల్సిన పని ఇది.

షాఫ్టు మార్చడానికి ఓపిక కావాలి. తలని వేడి చేస్తే లోపలి ఎపాక్సీ జిగురు పట్టు వదులుతుంది. ఉక్కు షాఫ్టయితే మెలితిప్పి లాగొచ్చు. గ్రాఫైట్‌ని మాత్రం తిప్పకుండా తిన్నగా లాగాలి, లేకపోతే పోగులు చిట్లి పనికిరాకుండా పోతుంది. కొత్త ఉక్కు షాఫ్టు కొసన మెరిసే క్రోమ్ పూతని గరుకు కాగితంతో రుద్దేయాలి, నునుపు మీద జిగురు నిలవదు. రెండు ట్యూబుల ఎపాక్సీని కలిపి, తల గొట్టం లోపలా షాఫ్టు కొసకీ పట్టించి, తిప్పుతూ దించి, ఒక రోజు కదపకుండా ఉంచాలి. ఈ ఒక్క చోట తొందర పనికిరాదు. సరిగా ఆరని తల ఊపులో ఊడి ఎవరి మీదికైనా ఎగిరిపోవచ్చు.

ఇంట్లో చేసుకోవడంలో అసలు లాభం డబ్బు ఆదా ఒక్కటే కాదు, కర్ర తన ఒంటికి అమరడం. షాఫ్టు అరంగుళం పెరిగితే ఊపులో తల బరువు తేడా చేతికి స్పష్టంగా తెలుస్తుంది. తల వెనక రెండు గ్రాముల సీసపు టేపు అంటించినా తెలుస్తుంది. పొడుగు మనిషికి, పొట్టి మనిషికి దుకాణంలో ఒకే కొలత సెట్టు అంటగట్టడంలో న్యాయం లేదు.

ఆటని మార్చిన కర్రలు కొన్ని ఇలాంటి సొంత పనిలోంచే వచ్చాయి. హికరీ చెక్క షాఫ్టుల కాలం పోయి ఉక్కు వచ్చింది. అమెరికా గోల్ఫ్ సంఘం 1924లో, స్కాట్లాండ్‌లోని సెంట్ ఆండ్రూస్ గోల్ఫ్ పెద్దలు 1929లో దానికి అనుమతి ఇచ్చారు. ఆ తర్వాత కొద్ది ఏళ్ళకే అమెరికా ఆటగాడు జీన్ సారాజెన్ ఫ్లోరిడాలో, నిబ్లిక్ అనే తన ఇనప కర్ర అడుగున సీసం కరిగించి అతికాడు. చిల్లకూరు, కోట వైపు తెల్ల ఇసుకలో నడిచినవాళ్ళకి పాదం ఎలా దిగబడుతుందో చెప్పక్కర్లేదు. పదునైన కర్ర కూడా ఇసుకలో అలాగే దిగబడేది. అడుగు వెనక భాగం బరువెక్కి కిందికి వచ్చేసరికి, కర్ర కూరుకుపోకుండా ఇసుకని చిమ్ముతూ బంతి కింద నుంచి సాగిపోయింది. 1932లో బ్రిటిష్ ఓపెన్ గెలిచినప్పుడు ఆ కర్ర అతని సంచిలోనే ఉంది. 1959లో జనరల్ ఎలక్ట్రిక్ ఇంజనీరు కార్‌స్టెన్ సోల్‌హైమ్, బంతిని గుంటలోకి దొర్లించే పుట్టింగ్ కుదరక విసిగి, కాలిఫోర్నియాలో తన గ్యారేజీలో బరువుని తల రెండు కొసలకీ పంచి పుట్టర్ తయారుచేశాడు. బంతి తగలగానే వచ్చే మోతే దానికి పేరైంది: పింగ్.

ముంబైలో చెంబూరులోని గోల్ఫ్ క్లబ్ పక్క మురికివాడ కుర్రాళ్ళ దగ్గర ఆ మాత్రం పనిముట్లు కూడా లేవు. ఇనప ఊచలు వంచి కర్రలు చేసుకుని, ప్లాస్టిక్ బంతులతో సందుల్లోనే ఆడారు. ఈ విద్యకి ఇంతకన్నా గట్టి సాక్ష్యం వెతకనక్కర్లేదు.

నియమాలు సొంత కర్రలకి అడ్డు చెప్పవు. సంచిలో పద్నాలుగుకి మించకూడదు, పుట్టర్ తప్ప ఏ కర్రా 48 అంగుళాలు దాటకూడదు, ఆట మధ్యలో కావాలని కర్ర తీరు మార్చకూడదు. మొదటిసారి పాత ఏడో నంబరు ఐరన్‌తో మొదలుపెట్టడం మేలు. తల వాలు సరిపోయిందో లేదో తెలియాలంటే, దాని అడుగున టేపు అంటించి, చెక్క పలక మీంచి బంతి కొట్టి చూడాలి. టేపు మీద గీత ముందు కొసన పడితే కర్ర మరీ వాలి ఉన్నట్టు, మడమ వైపు పడితే మరీ నిలువుగా ఉన్నట్టు. వంచి సరిచేయడం మాత్రం యంత్రం ఉన్నవాళ్ళకే వదలాలి. పోతపోసిన తల ఇంట్లో వంచబోతే విరగొచ్చు.