‘యానిమల్ ఫామ్’లో వీరపతకం: ఒక పరిశీలన

జార్జ్ ఆర్వెల్ ‘యానిమల్ ఫామ్’ (1945)లో ఏడు ఆజ్ఞల దిద్దుబాటును గమనించినంతగా పాఠకులు పతకం కథను గమనించరు. పశురాజ్యపు అత్యున్నత సైనిక పురస్కారం ‘పశువీర ప్రథమశ్రేణి’. గోశాల యుద్ధం ముగియగానే పశువులు ఏకగ్రీవంగా దానిని నెలకొల్పి స్నోబాల్ అనే పందికి, బాక్సర్ అనే గుర్రానికి ప్రదానం చేస్తాయి. ప్రాణమిచ్చిన గొర్రెకు దక్కేది ద్వితీయశ్రేణి! సమానత్వం పేర వెలసిన రాజ్యంలో తొలి అంతస్తుల భేదం ఇంత నిరాడంబరంగా, అందరి ఆమోదంతో ప్రవేశిస్తుంది.

పతకమైనా కొత్తది కాదు. గుర్రాల సామాను గదిలో దొరికిన పాత ఇత్తడి బిళ్ళ. తిరుగుబాటునాడు కళ్ళేలను బావిలో పడవేసి, పగ్గాలను, రిబ్బన్లను తగులబెట్టిన పశువులకు దాస్యకాలపు అలంకారమే గౌరవచిహ్నమైంది.

ఏడవ అధ్యాయంలో నెపోలియన్ రెండు శ్రేణులనూ తనకు తానే ప్రసాదించుకొని, ఆ పతకాలతోనే వధాసభకు వస్తాడు. చనిపోయిన గొర్రెకిచ్చిన గౌరవాన్ని సైతం బతికున్న పాలకుడు వదలకపోవడంలో ఆర్వెల్ వ్యంగ్యం పరాకాష్ఠనందుకుంది. తరువాత ‘హరిత పతాక’ పురస్కారమూ అతనిదే. స్నోబాల్‌కు అసలు పతకమే రాలేదని, పిరికితనానికి మందలింపే దక్కిందని చివరికి ప్రచారమవుతుంది.

బాక్సర్ పతకాన్ని మాత్రం ఎవరూ రద్దు చేయరు. అతడిని కబేళా బండి ఎక్కించినప్పుడు దాని ప్రస్తావనే రాదు.