పాదాలు కనబడాలి

డాలస్ నుంచో, బెంగళూరు నుంచో ఫోన్ వస్తుంది. "అమ్మకి డెక్సా స్కాన్ తీయించాం మేడమ్. టీ స్కోరు మైనస్ మూడు వచ్చింది, ఎముకలు గుల్లబారాయట. పడిపోకుండా బ్యాలెన్స్ ఎక్సర్‌సైజులు చేయించమన్నారు డాక్టరుగారు. అమ్మ తెనాలిలో ఒక్కతే ఉంటుంది. వీడియో కాల్‌లో నేర్పిస్తారా?" కోవిడ్ తర్వాత మా ఫిజియోథెరపిస్టులకి ఇలాంటి ఫోన్లు మామూలైపోయాయి. నేర్పిస్తాననే అంటాను. అనే ముందు ఒకటి అడుగుతాను: కాల్ నడిచినంతసేపూ అమ్మగారి పక్కన నిలబడేదెవరు?

చాలామందికి ఈ ప్రశ్న సాకులా వినిపిస్తుంది. నాకు మాత్రం మిగతా నిర్ణయాలన్నీ దీని తర్వాతే.

మనిషి తూలకుండా నిలబడాలంటే కళ్లు, లోపలి చెవి, అరికాళ్లు, కీళ్లు అన్నీ క్షణం ఆగకుండా మెదడుకి కబురు పంపుతుండాలి. మెదడు చెప్పింది కాళ్ల కండలు వెంటనే చెయ్యాలి. డెబ్భై దాటేసరికి కంట్లో శుక్లం, షుగర్‌తో మొద్దుబారిన అరికాళ్లు, పలచబడ్డ తొడలు. కబురు ఆలస్యంగా అందుతుంది, కాలు ఇంకా ఆలస్యంగా కదులుతుంది. ఆ ఆలస్యాన్ని తగ్గించడమే మా పని. అందుకు మనిషిని తూలే అంచుదాకా తీసుకెళ్లి, అక్కడ కాసేపు ఉంచి, వెనక్కి తేవాలి. అసలు తూలనివ్వని వ్యాయామంతో బ్యాలెన్స్ పెరగదు.

ఒక పాదం ముందు ఇంకో పాదం, మడమకి వేళ్లు ఆనించి నిలబెడతాం. మొదట రెండు చేతులూ గట్టు మీదే. కాసేపటికి ఒక చెయ్యి తీయమంటాను. ఆ తర్వాత రెండు వేళ్లు చాలంటాను. ఆ వేళ్ల గోళ్లు తెల్లబడ్డాయంటే బరువింకా గట్టు మీదే ఉందన్నమాట. కిందకి చూస్తే కాలివేళ్లు నేలని పట్టుకోబోయి ముడుచుకుంటుంటాయి, చీలమండ దగ్గర నరాలు లేచి పడుతుంటాయి. భయపడే మనిషి ఊపిరి బిగబట్టేస్తుంది. నేను ఒక పక్కగా, అరడుగు వెనకగా నిలబడి, నడుము దగ్గర చెయ్యి తగిలీ తగలకుండా ఉంచుతాను. "పిన్నిగారూ, కాళ్లు చూడొద్దు, ఎదురుగా ఆ క్యాలెండర్ చూడండి" అంటాను. ఆవిడ ఆ రెండు వేళ్లూ తీస్తారు. మూడు లెక్కపెట్టేలోగా తూలతారు. తమంతట తామే సర్దుకుంటారు. ఒంటికి పాఠం అబ్బేది అలా సర్దుకున్నప్పుడే. పక్కన నా చెయ్యి ఉందన్న ధీమా లేకపోతే ఆవిడ వేళ్లు తీసేవారే కాదు.

వీడియోలో ఆ చెయ్యి ఉండదు. ఫోన్ పప్పు డబ్బాకి ఆనించి ఉంటుంది. నాకు ఆవిడ ముఖం, పైన తిరిగే ఫ్యాను కనిపిస్తాయి, పాదాలు కనబడవు. కనబడినా నెట్ నెమ్మదించి బొమ్మ వెనకబడిందంటే, తూలడం నా కంట పడేసరికి అక్కడ జరిగేది జరిగిపోతుంది. అందుకే బాధ్యత తెలిసిన ఏ థెరపిస్టయినా ఆన్‌లైన్‌లో ఒక మెట్టు కిందే ఆగిపోతుంది. రెండు చేతులూ గట్టు మీదే ఉంచమంటుంది. గుల్లబారిన ఎముకలతో పడితే తుంటి విరుగుతుంది మరి, అలా అనక తప్పదు. కానీ నెలల తరబడి రెండు చేతులూ ఆనించి చేస్తే ధైర్యం పెరిగినంతగా నిలకడ పెరగదు. ఆ ధైర్యంతోనే ఆవిడ అర్ధరాత్రి లైటు వేసుకోకుండా బాత్‌రూమ్‌కి లేస్తారు. ఆన్‌లైన్ తరగతుల విషయంలో నన్ను బాధపెట్టేది ఇదే.

అలాగని క్లినిక్కే గొప్పదని చెప్పలేను. అక్కడ నేల చదునుగా, పొడిగా, వెలుతురుగా ఉంటుంది. మన ఆడవాళ్లు పడేది బాత్‌రూమ్ గడప దగ్గర, తడి వాకిట్లో, మడతపడ్డ కాళ్లపట్టా మీద, అటక మీది గిన్నె కోసం స్టూలెక్కినప్పుడు. వీడియో కాల్‌లో మనవరాలిని ఫోన్ పట్టుకోమని, ఆవిణ్ని పడగ్గదిలోంచి బాత్‌రూమ్ దాకా నడవమంటే, క్లినిక్‌లో ఏడాది చూసినా తెలియనివి ఐదు నిమిషాల్లో తెలుస్తాయి. అరిగిపోయిన హవాయి చెప్పులు, కాళ్ల కింద పడుతున్న నైటీ అంచు, రోజూ పట్టుకుని లేస్తున్న తువ్వాళ్ల రాడ్డు. ఆ రాడ్డు మనిషి బరువు ఆపదు. దాన్ని తీయించి గోడకి గట్టి కడ్డీ బిగించమని చెప్పడం ఏ వ్యాయామానికీ తీసిపోదు. పైగా క్లినిక్‌కి రావాలంటే ఆటో కావాలి, కొడుకో కోడలో సెలవు పెట్టాలి. నెలకోసారి వచ్చి చేసేదానికన్నా ఇంట్లో వారానికి మూడుసార్లు చేసేదే ఒంటబడుతుంది.

దూరం నుంచి నేర్పడం కొత్తేమీ కాదు. న్యూజిలాండ్‌లోని ఒటాగో విశ్వవిద్యాలయంలో జాన్ క్యాంప్‌బెల్, క్లేర్ రాబర్ట్‌సన్ బృందం ఎనభై, ఆపైన వయసున్న 233 మంది స్త్రీలతో చేసిన ప్రయోగం 1997లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. ఫిజియోథెరపిస్టు మొదటి రెండు నెలల్లో నాలుగుసార్లు ఇంటికే వెళ్లి, మనిషిని బట్టి కాళ్ల బలానికి, బ్యాలెన్స్‌కి వ్యాయామాలు నేర్పింది. ఆ తర్వాత అప్పుడప్పుడూ ఫోన్ చేసి మానకుండా చేసేలా చూసింది. ఏడాది తిరిగేసరికి మిగతావాళ్లకన్నా వీళ్లు పడడం తగ్గింది. తర్వాతి ప్రయోగాలు కూడా కలిపి లెక్కవేస్తే ఆ తగ్గుదల 35 శాతం. వీడియో లేని రోజుల్లోనే, మామూలు ఫోన్‌తో సాధించారు. కష్టం ఎంత పెంచాలన్నది మనిషి ఎదురుగా నిర్ణయించారు, అలవాటు నిలిపే పని ఫోన్‌కి వదిలారు. ఇప్పటికీ నాకు ఇంతకన్నా మంచి పద్ధతి కనబడలేదు.

"రోజూ గంట నడుస్తున్నాను కదమ్మా, చాలదా?" అని అడిగేవాళ్లకి కూడా ఒక మాట. నడక గుండెకి, షుగర్‌కి మంచిది, మానొద్దు. అయితే 108 ప్రయోగాలను కలిపి చూసిన 2019 నాటి కోక్రేన్ సమీక్ష, వ్యాయామంతో పడడం 23 శాతం తగ్గుతుందని తేల్చినప్పుడు ఆ మేలు ముఖ్యంగా బ్యాలెన్స్ వ్యాయామాల్లో కనిపించింది. ఒట్టి నడక విషయంలో అలా తేల్చి చెప్పలేకపోయింది.

యూట్యూబ్ చూసి చేసేవాళ్ల గురించి నాకు ఇంకా బెంగ. పాదహస్తాసనం, పశ్చిమోత్తానాసనం ఎవరో పాతికేళ్ల అమ్మాయి చేసి చూపిస్తుంది. వెన్నెముక గుల్లబారిన మనిషి అలా ముందుకి వంగితే వెన్నుపూస నలిగిపోవచ్చు. అమెరికాలోని మేయో క్లినిక్ నుంచి 1984లో వచ్చిన అధ్యయనంలో, ముందుకి వంగే వ్యాయామాలు చేసినవాళ్లలో 89 శాతం మందికి కొత్తగా వెన్నుపూసలు దెబ్బతిన్నాయి. వెన్ను వెనక్కి చాచే వ్యాయామాలు చేసినవాళ్లలో అది 16 శాతమే. 59 మందితో చేసిన చిన్న అధ్యయనమే. అయినా నలభై ఏళ్లుగా మా వృత్తిలో అందరూ దాన్ని గుర్తుపెట్టుకునే ఉన్నారు. యూట్యూబ్‌కి ఎదురుగా ఉన్న మనిషి టీ స్కోరు తెలియదు.

నేను పాటించేది చెబుతాను. మొదటిసారి క్లినిక్‌కి రావాలి, లేదా నేను వెళ్లాలి. పాదాలు పక్కపక్కన, ఒకటి సగం ముందుకి, మడమకి వేళ్లు ఆనించి, చివరికి ఒంటికాలి మీద, ఒక్కో తీరులో పది సెకన్లు నిలబడగలరేమో చూస్తాను. మూడోది పట్టలేనివాళ్లకి పక్కన మనిషి లేకుండా వీడియో తరగతి చెప్పను. బీపీ మాత్రలతో లేవగానే కళ్లు తిరుగుతుంటే ముందు డాక్టరుగారి దగ్గరికి పంపుతాను. ఇంట్లో చేసే చోటు గట్టు ముందు, వెనక గోడకి ఆనించిన కుర్చీ. ఫోన్ నేల మీద, దూరంగా గోడకి ఆనించి పెట్టాలి. ముఖం కనబడకపోయినా పర్వాలేదు. పక్కన నిలబడే మనిషికి, కోడలైనా పనమ్మాయైనా, ఆవిణ్ని గట్టిగా పట్టుకోకుండా చెయ్యి దగ్గరగా ఉంచడం విడిగా నేర్పుతాను. కష్టం ఒక మెట్టు పెంచాల్సి వచ్చినప్పుడల్లా మళ్లీ ఎదురుగా కలుస్తాం.

ఇవన్నీ పిల్లలు అమెరికా నుంచి డబ్బు పంపగలిగిన ఇళ్ల సంగతి. మన రెండు రాష్ట్రాల్లో ఎముకల కష్టం ఎక్కువగా వేరే ఇళ్లలో ఉంది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3.2 శాతమైతే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. అండాశయాలు కూడా తీసేస్తే ఎముకని కాపాడే ఈస్ట్రోజెన్ ఒక్కసారిగా పడిపోతుంది. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థలో వీణా శత్రుఘ్న బృందం పేద స్త్రీల ఎముకలు ఎంత బలహీనంగా ఉన్నాయో 2005లోనే రాసింది. కూలికి వెళ్లే ఈ స్త్రీలకి తుంటి విరిగితే ఆ ఇంటికి తిండే కరువవుతుంది.

వాళ్లకి క్లినిక్ అందదు, వీడియో క్లాసూ అందదు. అయితే 2019లో మొదలైన ఈ-సంజీవనితో ఊరి ఆరోగ్య కేంద్రంలో తెర మీద డాక్టరు, రోగి పక్కన ఆరోగ్య కార్యకర్త ఉండే ఏర్పాటు ఇప్పటికే ఉంది. నేను పైన అడుగుతున్న పక్క మనిషి అక్కడ ముందే ఉంది. ఆ తెర మీదకి ఫిజియోథెరపిస్టుని కూడా తీసుకురండి. ఏఎన్‌ఎంకి, ఆశా కార్యకర్తకి ఈ నాలుగు నిలబడే తీరులూ, పక్కన నిలబడే పద్ధతీ నేర్పించండి. ఒక కుర్చీ, ఆనుకోవడానికి ఒక గట్టు తప్ప దీనికి వేరే సామాను అక్కర్లేదు.