ఓడింది ప్రేమ కాదు

కులాంతర ప్రేమ చావు గురించి మన సినిమాలూ పత్రికలూ చెప్పే కథ ఒకటే. ఆశ చచ్చిందట, సమాజం ఒత్తిడి చేసిందట, పాపం ప్రేమ ఓడిపోయిందట! ఈ 'సమాజం' ఎవరయ్యా అంటే జవాబు లేదు. కులం పేరెత్తకుండా కన్నీళ్లు కార్చడానికే ఈ భాష పనికొస్తుంది.

మిర్యాలగూడనే తీసుకుందాం. మాల క్రైస్తవ కుటుంబంలో పుట్టిన ప్రణయ్, వైశ్య కుటుంబంలో పుట్టిన అమృత 2018 జనవరిలో పెళ్లి చేసుకున్నారు. వాళ్లు ఆశ చంపుకున్నోళ్లు కాదు, బిడ్డ కోసం ఎదురుచూస్తున్నోళ్లు. ఆ మార్చిలోనే శక్తివాహిని కేసులో సుప్రీంకోర్టు ఇలాంటి జంటల్ని కాపాడమని రాష్ట్రాలను ఆదేశించింది. ఆరు నెలలు తిరక్కముందే, సెప్టెంబర్ 14న, ఆసుపత్రి బయట భార్య కళ్లముందే ప్రణయ్‌ని నరికి చంపారు. అమృత తండ్రి మారుతీరావు కోటి రూపాయలకు బేరం కుదుర్చుకున్నాడని పోలీసులు చెప్పారు. బేరమాడి చంపడాన్ని 'ఒత్తిడి' అందామా?

2020లో రాంగోపాల్ వర్మ సమర్పణలో 'మర్డర్' వచ్చింది. పేరు కింద 'కుటుంబ కథా చిత్రం' అని తగిలించారు. అసలు రాజకీయం ఆ మాటలోనే ఉంది. కులహత్యను ఇంటి గొడవ చేస్తే చంపించినవాడి బాధే కథవుతుంది, చచ్చినవాడు ఆ బాధకు కారణమవుతాడు. కొడుకును పోగొట్టుకున్న మాల తండ్రి తండ్రి కాదా? ఆరున్నరేళ్లకు, 2025 మార్చి 10న, నల్గొండ కోర్టు ఒకరికి ఉరిశిక్ష, ఆరుగురికి యావజ్జీవం వేసింది. అప్పటికి మారుతీరావు చనిపోయి అయిదేళ్లయింది.

ఆ తీర్పుకు నెలన్నర ముందే సూర్యాపేట శివారున ఓ మాల యువకుడి శవం దొరికింది. పెళ్లాడింది గౌడ కులం అమ్మాయిని. ఆమె అన్నదమ్ముల్ని పోలీసులు అరెస్టు చేశారు. కాబట్టి అగ్రవర్ణాలవైపు వేలు చూపించి ఊరుకుంటే కుదరదు. బహుజన ఐక్యత గురించి మాట్లాడే మనమంతా బీసీల ఇండ్లలోని కులాన్ని కూడా అడగాల్సిందే.

సాగర్ ఎడమ కాలువతో మిర్యాలగూడ, కోదాడ పొలాలకు నీళ్లొచ్చాయి. మిల్లులొచ్చాయి, పైసలొచ్చాయి. కులం మాత్రం కొట్టుకుపోలేదు. సాయుధ పోరాటం నడిచిన నల్గొండ గడ్డ ఇది. భూమి ప్రశ్న తేలితే కులం దానంతటదే పోతుందన్నవాళ్లు ఈ హత్యలకు జవాబు చెప్పాలి.

కులం పోవడానికి అసలైన మందు కులాంతర వివాహమేనని అంబేడ్కర్ 1936లోనే 'కుల నిర్మూలన'లో రాశారు. ఆ మందు పనిచేస్తుందని చంపేవాళ్లకు తెలుసు, అందుకే చంపుతున్నారు. దాన్ని ప్రేమ ఓటమి అని రాసేవాళ్లకే ఇంకా తెలియదు. మనం రాసేటప్పుడు చచ్చినవాడి కులమే కాదు, చంపించిన కులం పేరు కూడా రాద్దాం.